పక్కటెముకలకు విజిల్ లెక్క పనికిరాదు

మాంసం వంట గురించి ఎక్కడ మాట మొదలైనా ముందుగా వచ్చే ప్రశ్న ఒక్కటే: ఎన్ని విజిళ్ళు? లేతదైతే నాలుగు, ముదురుదైతే ఎనిమిది, కాళ్ళయితే లెక్కపెట్టడం మానేసి గంట చూసుకోవడం. మా అనంతపురంలో ఆదివారం పొద్దున ఏ వీధిలో నడిచినా ఇంటింటా ఆ కూతే వినిపిస్తుంది. పులుసుకూ, సంగటిలోకి పెట్టే కూరకూ కుక్కర్‌ను మించిన సాధనం లేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ పక్కటెముకలను పలకలా ఉంచి, పైన మసాలా పట్టి, అంచులు కాస్త మాడి, లోపల వెన్నలా మెత్తబడి, చేత్తో పట్టుకుని కొరుక్కుతినేలా చేద్దామనుకున్నవాళ్ళు కూడా ముందు కుక్కర్‌లోనే వేస్తున్నారు. ఆ తర్వాత పెనం మీద రెండు పక్కలా ఎర్రగా వేయించి బార్బెక్యూ, అంటే కట్టెల పొగలో తీరిగ్గా కాల్చిన మాంసం, అని పేరు పెడుతున్నారు. దానితోనే నా తగవు. పక్కటెముకకు కావలసినవి తక్కువ వేడి, గట్టిగా మూసిన పళ్ళెం, మూడు గంటల సమయం. ఈ మూడూ ఇవ్వగలిగింది ఇంట్లో ఉన్న మామూలు ఓవెన్. అందులోనూ మన సీమ పొట్టేలుకు ఇంతకంటే తగిన పద్ధతి మరొకటి లేదని నా గట్టి నమ్మకం.

ముందు ఒక మాట స్పష్టం చేయాలి. ఓవెన్ అంటే ఇక్కడ మైక్రోవేవ్ కాదు. పైనా కిందా రాడ్లు ఉండి, కేకులు చేసుకోవడానికి కొని, రెండు పుట్టినరోజుల తర్వాత అటక ఎక్కించే ఆ పెట్టె. దాన్ని కిందికి దించండి.

పక్కటెముకలను తీరిగ్గా కాల్చి తినడంలో పేరు మోసినవాళ్ళు అమెరికా వాళ్ళు. వాళ్ళు ఎక్కువగా వాడేది పంది మాంసం. కాన్సస్ సిటీలో 1900ల తొలి సంవత్సరాల్లో హెన్రీ పెర్రీ అనే నల్లజాతి వంటగాడు కాల్చిన మాంసాన్ని కాగితంలో చుట్టి అమ్మాడు. ఆ నగరపు బార్బెక్యూకు ఆయననే ఆద్యుడిగా చెబుతారు. ఇప్పుడు ఆ ఊరి పద్ధతి అంటే టమాటా, బెల్లపు పాకం కలిపిన చిక్కటి తీపి సాస్. మెంఫిస్‌లో చాలాచోట్ల సాస్ లేకుండా పొడి మసాలా మాత్రమే పట్టిస్తారు. ఊరికో రుచి, ఊరికో పట్టుదల. కానీ అన్నిచోట్లా ఉమ్మడిగా ఉన్నది ఒకటే: తొందరపడకపోవడం. సాస్ గురించి ఎంత కొట్లాడుకున్నా, సమయం తగ్గించే విషయంలో మాత్రం వాళ్ళు రాజీపడరు.

మన దగ్గర ఆ పట్టుదలకు ఇంకా పెద్ద కారణం ఉంది. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణది మొదటి స్థానం, మన రాష్ట్రానిది రెండవది. అనంతపురం లాంటి చోట, ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే నేల మీద, గొర్రె కొట్టంలో నిలబడి దాణా తినదు. మేత కోసం గుట్టలెక్కుతుంది, వేరుశనగ పీకేసిన చేలల్లో తిరుగుతుంది, రోజంతా నడుస్తుంది. నడిచిన జంతువు మాంసానికి రుచి ఎక్కువ, గట్టిదనమూ ఎక్కువ. పని చేసే కండరాన్ని కట్టిపట్టి ఉంచడానికి కొల్లాజెన్ అనే గట్టి మాంసకృత్తు పోగుల మధ్య, ఎముకల చుట్టూ అల్లుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ ఆ అల్లిక మరింత బిగుస్తుంది. గొర్రెకు ఉన్న 13 జతల పక్కటెముకల్లో వెన్ను దగ్గరి భాగం కొంత లేతగా ఉంటుంది, రొమ్ము వైపు దిగేకొద్దీ ఈ అల్లికా, కొవ్వు పొరలూ ఎక్కువవుతాయి. వెన్ను వైపు చాప్స్‌ను పెనం మీద చురుకుగా వేయించినా బాగుంటాయి. రొమ్ము వైపు పక్కటెముకను అలా వేయిస్తే దవడలు నొప్పి పుడతాయి. నేను ఏరికోరి తెచ్చుకునేది ఆ రొమ్ము వైపునే.

ఆ కొల్లాజెన్ కరగడంలోనే ఉంది విషయమంతా. మాంసం లోపలి వేడి 70 డిగ్రీలు దాటాక అది మెల్లగా విడిపోయి జెలటిన్‌గా మారడం మొదలవుతుంది. 80, 90 డిగ్రీల దగ్గర ఆ మార్పు చురుకవుతుంది. అయినా నిమిషాల్లో ముగిసేది కాదు, గంటలు పడుతుంది. కాళ్ళ సూపు చల్లారితే గిన్నెలో గడ్డకట్టి వణకడం మనమంతా చూశాం. అదే జెలటిన్. పక్కటెముకలో అది నీళ్ళలోకి పోకుండా పోగుల మధ్యే నిలిస్తే, మాంసం నోట్లో పెట్టగానే జిగురుగా, రసంగా తగులుతుంది. మెత్తదనం అని మనం మెచ్చుకునేదంతా అదే.

మరి కుక్కర్‌లో ఇదే వేగంగా జరుగుతుంది కదా అంటారు. జరుగుతుంది. ఒత్తిడి వల్ల లోపలి ఆవిరి దాదాపు 120 డిగ్రీలకు చేరుతుంది కాబట్టి అరగంటలో కొల్లాజెన్ కరిగిపోతుంది. కానీ ఆ వేడిలో మాంసపు పోగులు బిగుసుకుని తమలోని రసాన్ని బయటికి తోసేస్తాయి, కరిగిన జెలటిన్ కూడా నీళ్ళలోకి దిగిపోతుంది. పులుసుకు ఇది వరం, ఎందుకంటే బయటికి పోయినదంతా పులుసులోనే ఉంటుంది, మనం దాన్ని సంగటితో తింటాం. పక్కటెముకలను ఆ నీళ్ళలోంచి తీసి పెనం మీద వేస్తే మాత్రం చేతికి మిగిలేది పీచు. పైన ఎంత మసాలా పూసినా ఆ పీచుకు రుచి తిరిగి రాదు. ఇంకో లోపం దీనికంటే పెద్దది. కుక్కర్ మూత తెరిచి చూడటానికి వీల్లేదు. ఉడికిందా లేదా అన్నది ఊహ మీద నడుస్తుంది, నాలుగు నిమిషాలు అటూ ఇటూ అయితే ఎముక ఒకచోట, మాంసం ఒకచోట. ఓవెన్‌లో గాలి 130 డిగ్రీలున్నా, తడి ఉన్నంతసేపూ మాంసం 100 డిగ్రీలు దాటదు. మెల్లగా 90 దాకా వెళ్ళి అక్కడక్కడే తిరుగుతుంది. మధ్యలో తెరిచి చూడవచ్చు, చాకుతో గుచ్చి చూడవచ్చు, కావలసినచోట ఆపవచ్చు. వంట చేసేవారి చేతిలో ఆ అధికారం ఉండటం నాకు ముఖ్యం.

పచ్చి బొప్పాయి ముద్ద గురించీ చెప్పాలి, ఎందుకంటే అది మా వైపు చాలామందికి తిరుగులేని మంత్రం. బొప్పాయిలోని పపైన్ మాంసకృత్తులను ముక్కలు చేసే మాట నిజమే. కానీ అది పైపైనే పనిచేస్తుంది, ఎముక దగ్గర ఉన్న అల్లిక దాకా దిగదు. రాత్రంతా ఉంచితే పై పొర గుజ్జయి, లోపల గట్టిగానే ఉంటుంది. కైమా కబాబులకు వాడండి, వద్దనను. పక్కటెముకల పలకకు దాని అవసరం లేదు.

అసలు కష్టం ఓవెన్ దగ్గర కాదు, అంగడి దగ్గర మొదలవుతుంది. మన మాంసం అంగళ్ళలో కత్తి ఒక్కసారి లేచిందంటే మొద్దు మీద ఉన్నదంతా పులుసు ముక్కలైపోతుంది. ముందే చెప్పాలి, కత్తి లేవకముందే చెప్పాలి. నేను ఎప్పుడూ వెళ్ళే అంగట్లో ఇలా జరుగుతుంది:

"భాయ్, ఈ పక్క కొట్టవద్దు. రొమ్ము వైపు పలక మొత్తం అలాగే ఇవ్వండి."

"పలక అలాగే తీసుకుపోయి ఏం చేస్తారు సార్? పెద్ద పొట్టేలు ఇది, ఉడకదు."

"ఉడుకుతుంది భాయ్. వెన్ను దగ్గర మాత్రం ఒక్క దెబ్బ వేసి విడదీయండి, చాలు."

ఆయన పలకను ఎత్తి పట్టుకుని, ఇది ఇంటికి అలాగే పోతుందా అన్నట్టు రెండు వైపులా తిప్పి చూసి, మెల్లగా సంచిలో పెడతారు. ఇలా అడిగేవాళ్ళు నలుగురైతే చాలు, అంగట్లో పలకలు విడిగా వేలాడదీస్తారు. అందుకే చదివేవారికి నా మనవి: అడగండి.

ఇంటికి తెచ్చాక ఎముకల వైపు చూస్తే పల్చగా, మెరుస్తూ ఒక పొర కనిపిస్తుంది. దాని అంచును చెంచా కాడతో లేపి, జారకుండా పొడి గుడ్డతో పట్టి లాగితే చాలావరకు ఒకే ముక్కగా ఊడి వస్తుంది. ఆ చప్పుడు వినడం నాకు ఇష్టం. పొర ఉంటే మసాలా లోపలికి దిగదు, తినేటప్పుడు కాగితంలా పళ్ళకు అడ్డం పడుతుంది. మందంగా ఉన్న కొవ్వును కూడా కోసేయాలి. గొర్రె మాంసానికి ఉండే ఆ ప్రత్యేకమైన వాసన చాలావరకు కొవ్వులోనే ఉంటుంది, కొంచెం ఉంచితే రుచి, ఎక్కువ ఉంచితే వెగటు.

కిలో పలకకు 10 నుంచి 12 గ్రాముల ఉప్పు, అంటే రెండు చిన్న చెంచాలు, ముందు రోజు రాత్రే రుద్ది ఫ్రిజ్‌లో మూత లేకుండా పెట్టాలి. ఉప్పు మొదట నీటిని బయటికి లాగుతుంది, ఆ నీటిలోనే కరిగి తిరిగి లోపలికి దిగుతుంది. తెల్లారేసరికి పైభాగం పొడిగా, లోపల ఉప్పు సమంగా ఉంటుంది. పొడి మసాలా ఉదయమే. కారం, ధనియాలు, మిరియాలు, నాలుగు లవంగాలు, చిన్న చెక్క ముక్క కలిపి పొడి కొట్టి, నూరిన వెల్లుల్లి, అల్లం, రెండు చెంచాల వేరుశనగ నూనెతో కలిపి రెండు వైపులా పట్టిస్తాను. చక్కెర, బెల్లం ఈ దశలో వేయను. అవి చివర్లో రావాలి.

మూసే పద్ధతి మీద శ్రద్ధ పెట్టండి. పళ్ళెంలో అరటి ఆకు పరిచి, దాని మీద ఎముకల వైపు కిందికి ఉండేలా పలకను పెట్టి, పావు కప్పు నీళ్ళు పోసి, మళ్ళీ ఆకు కప్పి, ఆ పైన అల్యూమినియం ఫాయిల్‌ను అంచుల చుట్టూ బిగించాలి. అరటి ఆకు మన జిల్లాలో దొరకనిదేమీ కాదు. 2020లో తాడిపత్రి నుంచి ముంబై రేవుకు అరటిపళ్ళ కోసమే ప్రత్యేక రైలు వేశారు. ఆకు వల్ల రెండు లాభాలు: ఫాయిల్ మాంసానికి అంటదు, పచ్చి ఆకు వాసన మాంసానికి పడుతుంది. ఫాయిల్ బిగువుగా ఉండటం ఎందుకంటే, తెరిచి ఉంచిన మాంసం మీద నుంచి తడి ఆరుతూ ఉంటుంది, ఆ ఆరడం మాంసాన్ని చల్లబరుస్తూనే ఉంటుంది. అమెరికాలో మాంసాన్ని పొగలో వండేవాళ్ళు దీనితోనే అవస్థ పడతారు. లోపలి వేడి 70 డిగ్రీల దగ్గర గంటల తరబడి కదలకుండా నిలిచిపోతుంది. దానికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం కూడా చుట్టి మూయడమే. మనం మొదటి నిమిషం నుంచే ఆ పని చేస్తున్నాం.

ఓవెన్ 130 డిగ్రీలు, కింది రాడ్, పై రాడ్ రెండూ. లేత పొట్టేలైతే రెండున్నర గంటలు, ఏడాది దాటినదైతే మూడు, ఇంకా ముదురుదైతే నాలుగు. చిన్న ఓవెన్ల మీటను పూర్తిగా నమ్మలేం, అది చూపే అంకెకూ లోపలి వేడికీ తరచుగా తేడా ఉంటుంది. లోపల పెట్టే చిన్న థర్మామీటర్ కొనుక్కుంటే ఆ అనుమానం తీరుతుంది. మధ్యలో కరెంటు పోతే కంగారు పడనవసరం లేదు. తలుపు తీయకుండా ఉంటే లోపలి వేడి చాలాసేపు నిలుస్తుంది, పోయిన సమయాన్ని చివర్లో కలుపుకోవడమే. మన ఏప్రిల్, మే ఎండల్లో మధ్యాహ్నం ఓవెన్ వెలిగించడం మాత్రం నరకం. ఆ నెలల్లో తెల్లవారుజామున ఐదింటికే పెట్టేస్తాను.

ఎంత కరెంటు కాలుతుందో అని భయపడేవాళ్ళకు లెక్క చెబుతాను. 1500 వాట్ల ఓవెన్ మూడు గంటలు ఆగకుండా కాలినా నాలుగున్నర యూనిట్లు. నిజానికి 130 డిగ్రీలకు చేరాక థర్మోస్టాట్ రాడ్లను ఆపుతూ, వెలిగిస్తూ ఉంటుంది కాబట్టి అంత కూడా కాదు. సమయం సంగతి అంటారా, ఆ మూడు గంటల్లో వంటగదిలో మన పని ఏమీ లేదు. బట్టలు ఆరేయవచ్చు, పేపరు చదవవచ్చు, ఊళ్ళో పని చూసుకుని రావచ్చు. పొయ్యి ముందు నిలబడి విజిళ్ళు లెక్కపెట్టే అరగంటే నన్ను ఎక్కువ అలసిపోయేలా చేస్తుంది.

ఇక పొగ. ఓవెన్‌లో వండినది బార్బెక్యూ కాదనేవారి బలమైన అభ్యంతరం ఇదే, దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేను. కట్టెల పొగ రుచి విద్యుత్ రాడ్ నుంచి రాదు. కానీ పొగ వేరు, మెత్తదనం వేరు. పొగ మాంసాన్ని మెత్తబరచదు. పొగపెట్టెలో మాంసం మెత్తబడేది కూడా తక్కువ వేడిలో గంటల తరబడి ఉన్నందువల్లే. ఆ సగం పనిని ఓవెన్ పూర్తిగా చేస్తుంది, మిగతా సగాన్ని మన ఇళ్ళలో తెలిసిన పద్ధతే పూరిస్తుంది: వండిన మాంసం మధ్యలో చిన్న గిన్నె పెట్టి, అందులో ఎర్రగా కాలిన బొగ్గు వేసి, దాని మీద నెయ్యి చుక్కలు పోసి ఐదు నిమిషాలు మూత పెట్టడం. బొగ్గుతో పని కాబట్టి కిటికీలు, తలుపులు తెరిచే చేయాలి.

ఆ బొగ్గు కథ నాకు ఎంతో ఇష్టం. మన పొలం గట్లను, చెరువు కట్టలను ఆక్రమించి, రైతులు తిట్టుకునే సర్కారు తుమ్మ ఉంది కదా, దాని శాస్త్రీయ నామం ప్రోసోపిస్ జూలిఫ్లోరా. అది ఈ దేశపు చెట్టు కాదు, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. 1877లో మన పక్కనే, కడప జిల్లా కమలాపురంలో వంటచెరకు కోసం దీన్ని నాటారు. టెక్సస్‌లో మాంసం కాల్చడానికి ప్రాణంగా చూసుకునే మెస్కీట్ కట్టె కూడా ఇదే ప్రోసోపిస్ జాతి చెట్టుదే. వాళ్ళు గొప్పగా చెప్పుకునే కట్టెకు దగ్గరి చుట్టం మన ఊరి బయట ముళ్ళకంపగా పడి ఉంది, దాని బొగ్గు బస్తాల్లో అమ్ముతున్నారు. పొగ కోసం దూరం పోవలసిన పని మనకు లేదు.

మూడు గంటలయ్యాక ఫాయిల్ విప్పి చూస్తే ఎముకల కొనల నుంచి మాంసం ఒక సెంటీమీటర్ వెనక్కి జరిగి ఉంటుంది. రెండు ఎముకల మధ్య చాకు గుచ్చితే అడ్డు తగలకుండా దిగుతుంది. పళ్ళెంలో మిగిలిన రసాన్ని ఒక గిన్నెలోకి వంచి, పైకి తేలిన కొవ్వును గరిటెతో తీసేయాలి. ఆ రసంలో నుంచి అర కప్పు తీసి, చిక్కటి చింతపండు గుజ్జు, ఒక టమాటా గుజ్జు, నిమ్మకాయంత బెల్లం, అర చెంచా కారం కలిపి గరిటెకు పట్టేదాకా మరిగిస్తే అదే మన సాస్. సీసాలో కొన్నదానికి ఈ పులుపు ఉండదు. గొర్రె కొవ్వును తట్టుకోవడానికి పులుపు తప్పనిసరి. పంది కొవ్వు కంటే గొర్రె కొవ్వు త్వరగా పేరుకుంటుంది, చల్లారితే అంగిలికి మైనంలా అంటుకుంటుంది. అమెరికా వంటకాన్ని ఉన్నది ఉన్నట్టు పొట్టేలు మీద దించితే కుదరకపోవడానికి కారణం ఇదే. తీపి తగ్గించాలి, పులుపు పెంచాలి, పళ్ళేలను కూడా వేడి చేసి వడ్డించాలి.

ఈ సాస్ పలకకు పూసి, ఓవెన్ 220 డిగ్రీలకు పెంచి, పై రాడ్ కింద పది నిమిషాలు. మధ్యలో ఇంకోసారి పూయాలి. బెల్లాన్ని మొదట్లో వద్దన్నది ఇందుకే. మూసిన పళ్ళెంలో ఆవిరి మధ్య దానికి ఎర్రబడే వీలు లేదు, కారి రసంలో కలిసిపోతుంది. తెరిచిన మంటలో ఎక్కువసేపు ఉంచితే మాడి చేదెక్కుతుంది. చివరి పది నిమిషాల్లో మాత్రం బుడగలు కక్కుతూ ఎర్రబడి, అంచుల్లో నల్లబడి, మాంసానికి అతుక్కుంటుంది. ఇక్కడ ఓవెన్ ముందు నుంచి కదలకూడదు.

ఎముక నుంచి రాలిపోయేంత మెత్తగా ఉండాలా అన్న దాని మీద పెద్ద చర్చే ఉంది. కాన్సస్ సిటీ బార్బెక్యూ సొసైటీ పోటీల్లో మాంసం దానంతటదే రాలిపోతే ఎక్కువ ఉడికిందని లెక్క. కొరికినచోట మాత్రమే శుభ్రంగా ఊడి, మిగతాది ఎముకనే పట్టుకుని ఉండాలి. నాకూ అదే ఇష్టం. కానీ మా నాన్నకు పై వరుస పళ్ళు లేవు. కొన్నేళ్ళుగా ఇంట్లో మాంసం వండినప్పుడల్లా ఆయన సంగటిని పులుసులో అద్దుకుని తిని, ముక్కలను మాట్లాడకుండా నా కంచంలోకి తోసేవారు. ఇప్పుడు పలకలో ఒక చివర నాలుగు ఎముకలు కోసి, సాస్ పూయకముందే విడిగా ఫాయిల్‌లో చుట్టి ఇంకో ముప్పావు గంట ఓవెన్‌లో ఉంచుతాను. ఎముకను రెండు వేళ్ళతో తిప్పితే చేతికి ఊడి వస్తుంది. ఆయన ముక్కలన్నీ ఆయనే తింటున్నారు. పోటీ న్యాయమూర్తులు ఏ మార్కులు వేసినా నాకు అభ్యంతరం లేదు.

మెత్తటి మాంసం అనగానే చాలామంది రుచి గురించి, గొప్ప గురించి మాట్లాడతారు. ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నవారికి అది అంతకంటే పెద్ద విషయం. పళ్ళు పోయాక మొదట వదులుకునేది మాంసమే. పులుసు ఒక్కటే చాలులే అంటారు, ఇబ్బంది పెట్టకూడదని. కుక్కర్‌లో మాంసాన్ని పీచు చేసి పెడితే వాళ్ళకు నమలడానికి ఇంకా కష్టం, పీచు గొంతులో అడ్డం పడుతుంది. జెలటిన్ పట్టిన మాంసం అలా కాదు, జారిపోతుంది. ఈ ఒక్క కారణం చాలు, అటక మీది ఓవెన్‌ను దించమని అందరినీ వేధించడానికి.

తినడానికి ముందు పలకను పది నిమిషాలు కదపకుండా ఉంచాలి, తర్వాత ఎముకకూ ఎముకకూ మధ్య కోయాలి. పక్కన పచ్చి ఉల్లిపాయ చక్రాలు, నిమ్మకాయ, జొన్నరొట్టె ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. గిన్నెలో మిగిలిన రసాన్ని పారబోయవద్దు. ఫ్రిజ్‌లో పెడితే తెల్లారేసరికి పైన తెల్లటి కొవ్వు పొర, కింద గోధుమరంగు గడ్డ తయారవుతాయి. కొవ్వు పొరను తీసేసి, ఆ గడ్డను కాస్త వేడిచేసి, రెండు పచ్చిమిరపకాయలు చీల్చి వేసి, వేడి రాగి సంగటి మీద పోసుకోవచ్చు. మిగిలిన ఎముకలను మళ్ళీ వేడి చేసేటప్పుడూ అదే పద్ధతి: రెండు చెంచాల నీళ్ళు చల్లి, ఫాయిల్ బిగించి, 130 డిగ్రీల్లో ఇరవై నిమిషాలు.